ఊరకుండని చేతులు

కర్నూలు రాజధాని అయిన ఏడాది, జమ్మలమడుగు తాలూకాఫీసు గుమాస్తా శ్రీపతికి అస్సాం రైల్వేలో పనిచేసే బావమరిది ఒక ఆర్కిడ్ మొక్క తెచ్చిచ్చాడు. దాని పువ్వు చెప్పు ఆకారంలో ఉంటుందట. శ్రీపతి ఆ పువ్వును అంతవరకు చూడలేదు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా మొక్కను పెరికి, వేర్లు వాసన చూసి, బొగ్గుముక్కలూ కొబ్బరిపీచూ మార్చి మళ్లీ నాటేవాడు. "దాన్ని ఒకచోట నిలవనీరేందండీ?" అని భార్య లక్ష్మీకాంతమ్మ విసుక్కునేది. అతను ముద్దనూరు క్యాంపుకు పోయినప్పుడు ఆమె కుండీని గోడ మీదుగా పక్కింటి మాబున్నికి ఇచ్చేసి, మొక్క చచ్చిపోయిందని భర్తతో చెప్పింది. అప్పటినుంచి శ్రీపతి సాయంత్రాలు పెరట్లో వేళ్లు నలుపుకుంటూ తిరిగేవాడు.

చలికాలంలో ఒకరోజు, ఈ అబద్ధం సంగతి తెలియని మాబున్ని కుండీ ఎత్తుకుని వచ్చింది.

"సామీ, మా జాలాడి పక్కన, అంట్లు తోమే నీళ్ల తడిలో పెట్టి మర్సేపోయినా. సూడండి, ఎట్ల పూసిందో!"

లక్ష్మీకాంతమ్మ తల వంచుకుంది. శ్రీపతి ఆమె వైపు చూడనేలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పచ్చగా నిగనిగలాడే ఆ పువ్వును చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అతని వేలు మెల్లగా మొక్క మొదట్లోకి దిగింది.

"వేర్లు ఎట్లుండాయో ఒక్కసారి చూద్దామా?"

ఆడవాళ్లిద్దరూ ఒకేసారి కుండీని పట్టుకున్నారు.