న్యూయార్కులో ఎనిమిది గంటలు కూర్చోవడానికి

అమెరికా చూడాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. నేను పోవలసింది గయానాకు. దక్షిణ అమెరికా పైకొసన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. కర్ణాటకలోని మా సింధనూరులో లాగే అక్కడా కాలువల కింద వరి పండిస్తారు. అక్కడి ఒక ఆసామి మా దగ్గర రైసు మిల్లు యంత్రాలు కొన్నాడు. వాటిని సింధనూరులో బిగించి, నడిపి చూసి, మళ్లీ విప్పి పెట్టెల్లో సర్దినవాడిని నేనే. ఆ పెట్టెలు ఓడెక్కి వెళ్లి, రెండు నెలలుగా అక్కడ ఒక రేకుల షెడ్డులో పడి ఉన్నాయి. వాటిని నిలబెట్టడానికి మనిషి కావాలి. గయానా వీసా, పని కాగితం నాకు వచ్చేశాయి. అయితే విమానం న్యూయార్కులో మారాలి, మధ్యలో ఎనిమిది గంటలు ఆగాలి. ఆ ఎనిమిది గంటలు విమానాశ్రయంలో ఒక కుర్చీలో కూర్చోవడానికి కూడా అమెరికా వీసా కావాలట. దాన్నే ట్రాన్సిట్ వీసా అంటారు. ఆ దారిన పోవలసిన వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి ముందే ఒకసారి హైదరాబాదు వెళ్లి కాదనిపించుకుని వచ్చాను. ఆ సంగతి దాచి మిగతాది చెబితే మోసం చేసినట్టే. ముప్పై ఏళ్లు మిల్లుల్లో పనిచేసినందుకు నాకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. మిల్లు నడిచేటప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎదుటివాడి పెదవులు కదిలితే తలూపడం, వాడి చెయ్యి ఎటు చూపిస్తే అటు పోవడం మా అలవాటు. ఆ అలవాటు కొద్దీ మొదటిసారి అద్దం వెనక అధికారి ఏమడిగినా తలూపి "ఎస్" అన్నాను. అమెరికాలోనే ఉండిపోతావా అని కూడా అడిగాడట. దానికీ ఎస్సే. బయటికి వచ్చాక నా వెనక నిలబడ్డ అతను చెబితే గాని ఆ విషయం తెలియలేదు.

మా యజమాని సుబ్బారావు గారికి కాగితాలు సరిపోలేదని చెప్పి ఊరుకున్నాను. మిస్త్రీ అంటే చప్పుడు విని యంత్రం జబ్బు చెప్పేవాడని ఆయన నమ్మకం, అందరి నమ్మకమూ. చెవి పోయిందంటే పిలిచేవాడు ఉండడని నాకు భయం. ఆయన ఇంకొక్కసారి దరఖాస్తు పెట్టించారు. ఈసారీ రాకపోతే అమెరికా వీసా ఉన్న బెంగళూరు మిస్త్రీని పంపిస్తామని ముందే చెప్పారు. నేను సర్దిన పెట్టెలు ఇంకొకడు విప్పుతాడంటే నాకు అన్నం సయించలేదు.

సింధనూరు బస్టాండులో ఉదయం అయిదున్నరకు హైదరాబాదు బస్సు. సాగనంపడానికి నా భార్య లక్ష్మి వచ్చింది. మేమిద్దరం రాయచూరు వాళ్లం, పని కోసం సింధనూరులో ఉంటున్నాం.

"గిప్పుడన్న నిజం చెప్పుండ్రి," అంది. "చెవుడుందంటే ఏమైతది? వీసా చేతికిస్తరు గాని చెవుకిస్తరా?"

నేను తలూపాను. "గట్ల తలూపకుండ్రి. నోటితోని చెప్పుండ్రి," అంది మళ్లీ. ఇంట్లో ఈమె ఉండగా వేరే అధికారి ఎందుకో.

పోతనాళ దాటేసరికి తెల్లవారింది. రోడ్డుకు రెండు పక్కలా నాట్లు పడిన మళ్లు. మాన్వి మీదుగా రాయచూరు చేరేసరికి ఏడూ ముప్పావు. అక్కడ నా కుడిపక్క సీట్లో, అదృష్టం కొద్దీ, పప్పుల వ్యాపారం చేసే ఒక పెద్దాయన కూర్చున్నాడు. కండక్టరుతో కన్నడంలో, వెనక సీటు ఆయనతో ఉర్దూలో మాట్లాడి, చివరికి నా వైపు తిరిగి తెలుగులోకి దిగాడు.

"ఏడికి పోతున్నవ్?"

"అమెరికా వీసాకు."

"అమెరికల నీకేం పని?"

"ఏం లేదు. ఎనిమిది గంటలు కూసోవాలె."

ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. "కూసోనికి మా దుకాణంల అరుగుంది గదనయ్యా," అని, తర్వాత మహబూబ్‌నగర్ దాకా గయానా గురించి అడుగుతూనే ఉన్నాడు. పదిన్నరకు అక్కడ బస్సు ఆగితే నా ఇడ్లీలకూ ఆయనే డబ్బులిచ్చాడు.

ఒంటిగంటకు హైదరాబాదు. బస్టాండు పక్కనే మెట్రో స్టేషనుంది. అమీర్‌పేటలో బండి మారితే హైటెక్ సిటీ వైపు పోవచ్చు. ఆటోవాళ్లతో బేరాలాడే ఓపిక లేనివాళ్లకు ఇదే సుఖం. మొదటి రోజు అక్కడి వీసా కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో మాత్రమే. నాకు మూడున్నరకు టైమిచ్చారు. గ్రీజూ ఇసుకకాగితమూ కలిసి నా వేళ్ల గీతలు ఏనాడో తినేశాయి. అక్కడి అమ్మాయి ఓపికగా తుడిపించి, నొక్కించి, నాలుగోసారికి పట్టింది. చేతిపని వాళ్లు రెండు రోజుల ముందు నుంచి వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని వెళ్లడం మంచిది. గచ్చిబౌలిలో వెయ్యి రూపాయల గది తీసుకుని, చపాతీ తిని, ఎనిమిదింటికే పడుకున్నాను.

మర్నాడు అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ తొమ్మిదిన్నరకు. ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, గదిలోనే పెట్టి వెళ్లాలి. పాస్‌పోర్టు, దరఖాస్తు కాగితం, గయానా వీసా, పని కాగితం, టికెట్టు వివరాలు ఒకే పారదర్శక సంచిలో పెట్టుకున్నాను. మొదటిసారి ఏజెంటు మాట విని ఇంటి పన్ను రసీదులు, రేషను కార్డు కూడా మోసుకుపోయాను, ఒక్కటీ చూడలేదు. ట్రాన్సిట్ వాళ్లకు ముఖ్యమైనవి రెండే. ముందుకు పోతున్నట్టు రుజువు, ముందు దేశం రానిస్తుందన్న రుజువు. తెలుగులో మాట్లాడతానని ముందే చెబితే దుబాసీని పిలుస్తారు. ఈ మాట మొదటిసారి నాకెవరూ చెప్పలేదు.

హాలు నిండా జనం. పదకొండు కావస్తుండగా నా వంతు వచ్చింది. అద్దం వెనక నడివయసు తెల్ల ఆఫీసరమ్మ, పక్కన చీర కట్టుకున్న తెలుగు దుబాసీ. ఆఫీసరమ్మ ఏదో అడిగింది. దుబాసీ పెదవులు కదిలాయి. నా తల దానంతటది ఊగబోయింది. రెండు చేతులతో కౌంటరు అంచు పట్టుకున్నాను.

"అమ్మా, నాకు ఎడమ చెవి ఇనపడదు. కుడిది సగమే. మిల్లుల పోయింది. జర గట్టిగ చెప్పుండ్రి."

మా మిల్లు వాళ్లకు గొంతు తగ్గించడం తెలియదు. హాలంతా విన్నది. పదేళ్లు దాచిన సంగతి ముక్కూ మొహం తెలియని నూరు మందికి ఒక్కసారిగా చెప్పేశాను.

దుబాసీ మైకు దగ్గరికి జరిగింది. "గయానాకు ఎందుకు వెళ్తున్నారు?"

"వడ్ల మిల్లు నిలబెట్టనీకి. నేనే విప్పిన, నేనే బిగియ్యాలె."

"న్యూయార్కులో ఎవరైనా ఉన్నారా?"

"ఎవ్వరు లేరు. ఎనిమిది గంటలు కూసుంట, ఇంకో ఇమానం ఎక్కుత."

ఆఫీసరమ్మ కాగితాలు తిప్పి, నన్నే చూస్తూ ఇంకొకటి అడిగింది. దుబాసీ కాస్త మొహమాటంగానే చెప్పింది. "వినపడకుండా యంత్రం బాగుందో లేదో మీకెలా తెలుస్తుందని అడుగుతున్నారు."

ఇన్నేళ్లుగా నేను భయపడిన ప్రశ్న ఇదే. సింధనూరులో ఎవరూ అడగలేదు, అమెరికా ఆవిడ అడిగింది.

"చేతికి తెలుస్తది," అన్నాను. "మీరట్ల బల్ల మీద అరచెయ్యి పెట్టుండ్రమ్మా."

దుబాసీ చెప్పగానే ఆవిడ నిజంగానే పెట్టింది. అద్దం కింద అటూ ఇటూ ఒకటే బల్ల. నేను ఇటు నుంచి రెండు వేళ్లతో బల్ల మీద సమంగా కొట్టాను. "గిది మంచి మిల్లు." తర్వాత నాలుగో దెబ్బ బరువుగా పడేట్టు కొట్టాను. "గిది బెల్టు వదులైన మిల్లు. చెవు బందైనా చెయ్యి చెప్తది. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్ల నడుమ సందు తక్కువైతే సన్నగ వణుకుతది, బియ్యం నూకైతది."

ఒక గార్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ అతన్ని ఆగమని సైగ చేసి, అరచెయ్యి తీయకుండా, మళ్లీ కొట్టమంది. కొట్టాను. ఈసారీ నాలుగో దెబ్బ బరువుగానే వేశాను. ఆవిడ దుబాసీతో ఏదో అని నవ్వింది.

"బెల్టు వదులైంది అంటున్నారు," అంది దుబాసీ.

"మిస్త్రీ పని నేర్చుకోవచ్చు అని చెప్పుండ్రి."

ఆవిడ నా పాస్‌పోర్టు తన వైపు పెట్టుకుంది. దుబాసీ మైకులో అంది, "మీకు వీసా ఇస్తున్నారండి. పాస్‌పోర్టు కొద్ది రోజుల్లో వస్తుంది."

మొదటిసారే స్పష్టంగా వినపడింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. తిరిగి చూస్తే వరసలో ఉన్న వాళ్లంతా నవ్వుతున్నారు. ఒక కుర్రజంట చేతులెత్తి నమస్కారం పెట్టింది. నేను పెళ్లికొడుకులా నడిచి బయటికి వచ్చాను. గదికి వెళ్లి ముందు లక్ష్మికి ఫోను చేశాను. "ఇగ అరవకుండ్రి, ఊరంత ఇన్నది," అంటూనే ఏడ్చింది.

రెండింటి బస్సుకు తిరుగు ప్రయాణం. జడ్చర్లలో టీకి ఆగినప్పుడు సుబ్బారావు గారికి చేశాను.

"వీసా ఒచ్చింది సార్."

"చాలా సంతోషమండీ మిస్త్రీ గారూ. పొద్దున్నించీ ఇక్కడ ఎవరికీ పని మీద ధ్యాస లేదనుకోండి."

"ఇంకోటి చెప్పాలె. నాకు ఎడమ చెవి లేదు. పదేండ్లాయె. మీకు చెప్పలే."

ఫోను కుడి చెవికి గట్టిగా అదిమిపెట్టుకున్నాను.

"మిల్లులో నేనెప్పుడూ మీకు ఏ పక్కన నిలబడి చెబుతానండీ?" అన్నారు.

"ఎడమ పక్కన సార్."

"అంటే ఈ పదేళ్లూ మిల్లు నేను చెప్పినట్టు నడవలేదన్నమాట. మీరనుకున్నట్టు నడిచింది. అందుకే బాగుంది లెండి. ఇకమీదట కుడి పక్కకొస్తాను."

బస్సు కదిలింది. కృష్ణా వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అమెరికా ఎలా ఉంటుందో నాకు ఇంకా తెలియదు. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన తెలియదు కూడా. ఒక మనిషి నీకేం తెలుసు అని నన్ను తిన్నగా అడిగితే, నేను దాచకుండా చెప్పాను, అది చాలింది. గయానాలో వచ్చే నెల కోతలు మొదలవుతాయి. వడ్లు వచ్చేనాటికి మిల్లు నిలబడి ఉండాలి. దాని మీద మొదట పడే చెయ్యి నాది.