మూడు కొత్త అమావాస్యలు

నర్సీపట్నంలో నేను పదకొండేళ్లు ఉన్నాను. అందులో మూడేళ్లు మాత్రం పొద్దున్నే నా పక్కన కూర్చుని టిఫిను తినే మనిషి ఒకడుండేవాడు. అతను వ్యాను డ్రైవరు. అతన్ని నేను మొదటిసారి చూసింది బోనులో.

డెబ్బైల చివర్లో మెజిస్ట్రేటు కోర్టులో బెంచి గుమాస్తాగా నాకు ఆ ఊరికి బదిలీ అయింది. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా అప్పటికి తగ్గిపోయారు. బస్టాండు వెనక మేడమీద ఒక గది తీసుకున్నాను. కోర్టు గుమాస్తా కనిపిస్తే ఊళ్లో అందరూ నమస్కారం పెడతారు, ఇంటికి మాత్రం ఎవరూ పిలవరు. పిలిచారంటే ఏదో కేసుందన్నమాట. వాయిదా ఎప్పుడు, నకలు ఎప్పుడిస్తారు, అయ్యగారి మూడ్ ఎలా ఉంది, ఇవే కబుర్లు. మొదట్లో ఒళ్లు మండేది. తరవాత అలవాటైపోయింది. అలవాటైపోయినందుకే ఎక్కువ బాధగా ఉండేది.

డ్రైవరుకి నలభై ఏళ్లుంటాయి. ఒక షావుకారి వ్యాను నడిపేవాడు. ఏజెన్సీ సంతలకి ఉప్పూ ఉల్లిపాయలూ ఎండు చేపలూ ఎక్కించుకుని వెళ్లి, చింతపండూ అనాసపళ్లూ దింపుకొచ్చేవాడు. మనుషులూ ఎక్కేవాళ్లు. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య. ఆ ప్రాంతంలో అది అమ్మవారి పండగ. ఆ పండగనాడు అతను పీకలదాకా తాగి, కొండమీంచి ఘాటీ రోడ్డు దిగుతూ కల్వర్టు గోడకి వ్యాను కొట్టేశాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పోలీసులు గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరు అతన్ని నేలమీద గీసిన గీత వెంబడి నడిపించి సర్టిఫికెట్టు రాసిచ్చాడు.

"తాగావా?" అని అడిగారు మెజిస్ట్రేటు.

"తాగేనండి. పండగండి."

కోర్టంతా నవ్వింది. మెజిస్ట్రేటు నవ్వలేదు. జరిమానా వేసి, ఆ సంగతి లైసెన్సులో ఎక్కించమన్నారు. అప్పట్లో లైసెన్సంటే చిన్న పుస్తకం. శిక్ష పడితే అందులోనే రాసేవాళ్లు, ఎవరు తెరిచినా కనబడేలాగ. రాసింది నేనే. నేరం జరిగిన తేదీ, సెక్షను, శిక్ష. నా చేతిరాత బాగుంటుందని పేరు.

వరండాలో పుస్తకం చేతికిస్తే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి రాసారు బాబూ?"

"తాగి బండి నడిపావని రాశాను."

"సెరిపీడానికవ్వదా?"

"అవ్వదు. జాగ్రత్తగా విను. మూడేళ్ల లోపు మళ్లీ ఇలాగే దొరికావంటే అది రెండో నేరం కింద లెక్క. జరిమానాతో పోదు, జైలే. రెండేళ్ల దాకా వెయ్యొచ్చు. లైసెన్సూ పోతుంది. మూడేళ్లు జాగ్రత్త."

అతను కాసేపు వేళ్లు చూసుకున్నాడు. "అయితే మూడు కొత్తమాసలండి."

"ఆఁ," అన్నాను. లోపల ఇంకో కేసు పిలుస్తున్నారు.

వారం తిరక్కుండానే, నేను రోజూ టిఫిను తినే హోటల్లో నా బల్ల దగ్గరికొచ్చి "కూకోమంటారేటి?" అని అడిగి కూర్చున్నాడు. ఏం కావాలో అడుగుతాడని చూశాను. అడగలేదు. మర్నాడూ వచ్చాడు. పది రోజులు చూశాక నాకు అర్థమైంది, అతనికి నాతో పనేమీ లేదు. కేసు అయిపోయింది. ఆ ఊళ్లో నా దగ్గరికి పని లేకుండా వచ్చిన మొదటి మనిషి అతనే.

మేం గొప్ప విషయాలేమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఘాటీలో పొగమంచు ఎంతవరకు దిగిందో చెప్పేవాడు. "ఈయేల ఎవులికి పడుద్దండి?" అని కోర్టు సంగతులు అడిగేవాడు. ఒకసారి నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. మా కోర్టులో పదిమంది పనిచేసేవాళ్లం. నేను రాలేదేమని మేడ మెట్లెక్కి వచ్చినవాడు మాత్రం డ్రైవరొక్కడే, ఇంటి దగ్గర కాయించిన జావ గిన్నెతో. అది తాగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. జావ వేడిగా ఉందని చెప్పాను.

తాగుడు అతను పూర్తిగా మానేశాడు. అదేమంత తేలిక కాదు. ఏజెన్సీలో జీలుగు కల్లు రోడ్డు పక్కనే కుండల్లో పెట్టి అమ్ముతారు. "వాసనొత్తే అద్దం ఎత్తీసుకుంటానండి," అనేవాడు. ఏడాది తిరిగి కొత్త అమావాస్య రాగానే, పొద్దున్నే ఆకులో కొబ్బరిముక్కా బెల్లమూ పెట్టి తెచ్చాడు.

"ఒకటయిందండి. ఇంక రెండున్నాయి."

నేను ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాను.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నేను రోజుకి యాభైసార్లు తారీఖు వేసేవాణ్ణి. కోర్టుకి తెలిసింది ఇంగ్లీషు తారీఖు ఒక్కటే. అమావాస్య అలా కాదు, ఒక ఏడాది మార్చిలో వస్తే ఇంకో ఏడాది ఏప్రిల్లో వస్తుంది. అతను మొదట పట్టుబడింది ఏప్రిల్ మొదటివారం దాటబోతుండగా. ప్రసాదం తెచ్చిన ఆ రోజు ఇంకా మార్చి నెలే. కోర్టులో నా కుర్చీ వెనక కేలండర్లో అది నాకు కనబడింది. ఏడాది ఇంకా నిండలేదే అనుకున్నాను కూడా. మర్నాడు ఉగాది. ఆ పై రోజు హోటల్లో అతనికి చెబుదామనుకున్నాను. ఇడ్లీ వచ్చింది, అతను కొత్త టైర్ల గురించి మొదలుపెట్టాడు, మరిచిపోయాను. తాగడం మానేశాడు కదా, దీనికంత తొందరేముంది అని కూడా ఒక పక్క ఉంది. రెండో ఏడాదీ కొబ్బరిముక్క తెచ్చాడు. తిన్నాను. అప్పుడు అసలు తోచనేలేదు.

మధ్యలో అధికమాసం వచ్చి, మూడో ఏడాది అమావాస్య మళ్లీ ఏప్రిల్లోకి జరిగింది. ఆ పొద్దున అతను ఉతికిన చొక్కా తొడుక్కుని, నుదుట కుంకుమతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయాయండి. మూడూ!"

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏటి సేత్తానండి, అమ్మోరికి సూపించి రెండు ముంతలేత్తాను. మూడేళ్లయిపోయింది గదా."

నేను నవ్వి, ఇంకో ప్లేటు ఇడ్లీ తెప్పించి అతని ముందు పెట్టాను. "తక్కువ తాగు," అన్నాను. "బేగి ఎల్లాలండి, సంత," అని అతను చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సంత నుంచి దిగుతూ, మలుపు దగ్గర వ్యాను పొలంలోకి ఒరిగిపోయింది. వెనక చింతపండు బుట్టలతో అయిదుగురు ఆడవాళ్లున్నారు. ఒకావిడ మణికట్టు విరిగింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ నేలమీద గీత. ఈసారి రెండడుగులకే కూర్చుండిపోయాడట.

నాకు ముందు కోపం వచ్చింది. మూడేళ్లు అయితే మాత్రం, తాగి స్టీరింగు ఎలా పట్టుకుంటాడు వెధవ! గదిలో అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు తిట్టుకున్నాను. తిడుతూ తిడుతూ, వరండాలో నేనన్నమాట గుర్తొచ్చింది. మూడేళ్లు జాగ్రత్త. తాగి బండి ఎప్పుడూ నడపకు అనలేదు నేను. మూడేళ్లు అన్నాను. ఆ తరవాత జాగ్రత్త అక్కర్లేదన్నట్టు చెప్పింది నేనే. ఆ చెప్పిన మూడేళ్లయినా సరిగ్గా లెక్కపెట్టివ్వలేదు.

కేసు విచారణకి వచ్చేసరికి మెజిస్ట్రేటు మారారు. చెయ్యి విరిగినావిడ కట్టుతోనే వచ్చింది. "బియ్యం కడగడానికి కూడా అవ్వట్లేదండి. సంతకెల్లి నెల దాటిపోనాది," అంది. ఆవిణ్ణి చూశాక అతని తరఫున ఎవరూ నోరెత్తడానికి లేదు. డ్రైవరు తలొంచుకుని నేరం ఒప్పుకున్నాడు.

పాత శిక్ష ఏదైనా ఉందా అని అడిగారు మెజిస్ట్రేటు. పోలీసులు లైసెన్సు పుస్తకం అందించారు. అందులో నా అందమైన చేతిరాత. ఆయన చదువుకుని, "మూడేళ్ల లోపేనా?" అన్నారు.

"మూడు అమాసలూ అయిపోయాయండి," అన్నాడు డ్రైవరు బోనులోంచి. భయపడుతూ కాదు, తెలిసిన సంగతి చెబుతున్నట్టు అన్నాడు. "కావలిస్తే గుమస్తా బాబునడగండి. ఆరికి తెలుసు."

అందరూ నా వైపు చూశారు. నేను లేచి, కేలండరు చూసి, లెక్కపెట్టి చెప్పాను.

"తారీఖుల ప్రకారం మూడు రోజులు తక్కువండి."

"ఇతను నీకు తెలుసా?" అన్నారు మెజిస్ట్రేటు.

తెలుసంటే ఏమయ్యేది? శిక్ష తగ్గేది కాదు. బహుశా ఆయన ఒకసారి కళ్లజోడు పైకెత్తి చూసి ఊరుకునేవారు. కానీ నలుగురిలో, ప్లీడర్ల ముందు, తాగి బండి పడేసినవాడితో స్నేహమా అనుకుంటారని నాకు సిగ్గేసింది.

"హోటల్లో ఎప్పుడైనా చూశానండి," అన్నాను.

డ్రైవరు నా వైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు. తరవాత మెజిస్ట్రేటు వైపు తిరిగి, "తప్పయిపోయిందండి," అన్నాడు. ఎనిమిది నెలల జైలు, రెండేళ్లు లైసెన్సు చెల్లదు. మొదటిసారి రాసిన దాని కిందే, అదే పుస్తకంలో, అది కూడా నేనే రాశాను.

ఆ ఎనిమిది నెలలూ హోటల్లో నా పక్కన కుర్చీ మీద గొడుగు పెట్టుకునేవాణ్ణి. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని కాదు. కుర్చీ ఖాళీగా కనబడకూడదని. జైలుకెళ్లి చూసిరావచ్చు. రెండుసార్లు సెలవు చీటీ రాసి, రెండుసార్లూ చింపేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను!

విడుదలయ్యాక ఒక పొద్దున వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చింతపండు గోడౌనులో మూటలు మోస్తున్నానన్నాడు. నేను గబగబా గొడుగు తీసి కిందపెట్టి "కూర్చో" అన్నాను. కూర్చోలేదు.

"లైసెన్సు మళ్లీ ఏ రోజునిత్తారో, కేలండరు మీద సుట్టిత్తారా బాబూ? ఈసారి అమాసలు లెక్కెట్టనండి. నాకీ తారీకులు తెలవవు."

నేను వేళ్లమీద లెక్కేశాను. ఆ రోజు రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. "ఆ ఏటి కేలండరు ఇంకా రాలేదు," అన్నాను.

"అయితే వచ్చేక వత్తానండి," అని వెళ్లిపోయాడు. టీ అయినా తాగమనలేదు నేను.

జనవరిలో కొత్త కేలండర్లు వచ్చాయి. ఒకటి ఇంటికి తెచ్చుకుని ఆ తారీఖు చుట్టూ సిరాతో గీశాను. అతను రాలేదు. గోడౌనుకి వెళ్లి అడిగితే, పెళ్లాంపిల్లల్తో కృష్ణదేవిపేట వైపు పనికెళ్లిపోయాడన్నారు. సరిగ్గా ఎక్కడన్నది వాళ్లకీ తెలియదు. సిరాతో గీసిన ఆ రోజున మాత్రం, ఎక్కణ్నుంచయినా వస్తాడని, కేలండరు చుట్టి చంకలో పెట్టుకుని హోటల్లో కూర్చున్నాను. రెండు ప్లేట్లు చెప్పాను. రెండోది చల్లారిపోయింది. కోర్టు వేళ దాటేదాకా కూర్చున్నాను. ఉద్యోగంలో నేను ఆలస్యంగా వెళ్లింది ఆ ఒక్కరోజే.

అతను వస్తే ముందు తారీఖు చూపిద్దామనుకోలేదు. ఆ మూడేళ్లూ నా బల్ల దగ్గర కూర్చున్నది నువ్వే, నువ్వు నాకు తెలుసు, అని చెబుదామనుకున్నాను. ఆ మాట చెప్పవలసిన రోజున, చెప్పవలసిన చోట, నన్ను అడిగారు కూడా.