అమ్మ తుడిచిన నక్షత్రాలు

మొన్న మా మేనకోడలు ఫోనులో ఒక వార్త చదివి వినిపించింది. అంతరిక్షంలో తిరిగే దుర్భిణి ఏదో నక్షత్రాల కదలికలు కొలిచిందట, కొత్తగా పుట్టిన నక్షత్ర గుంపులు చాలామటుకు కలిసి ఉండక చెదిరిపోతున్నాయని తేలిందట. ఆ పిల్ల సంబరంగా చదువుతూంటే నాకు ఒళ్లు మండింది.

డెబ్భైల చివర్లో నా పరిశోధనంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. పాతికేళ్ల ఎడంతో తీసిన రెండు గాజు ఫొటో పలకలు, రెండింటి మీదా నల్లటి చుక్కలుగా పడ్డ ఒకే గుంపు నక్షత్రాలు; సూక్ష్మదర్శిని కింద ఏ చుక్క ఎంత జరిగిందో కొలిస్తే, ఆ గుంపులోవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయా, చెల్లాచెదురవుతాయా అన్నది చెప్పవచ్చు. యూనివర్సిటీలో ఎప్పుడు చూసినా కరెంటు కోత. భిలాయిలో, మా సెక్టర్ 7 క్వార్టరులో మాత్రం, ప్లాంటు పుణ్యమా అని దీపం ఆరేది కాదు. అందుకని గురువుగారి కాళ్లావేళ్లా పడి, పలకల్నీ సూక్ష్మదర్శినినీ వేసవి సెలవులకి ఇంటికి తెచ్చుకున్నాను.

స్టీలు ఊళ్లలో కాపురం చేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, చిమ్నీల మసి కిటికీల మీదా, కంచాల మీదా, ఆరేసిన చీరల మీదా వాలుతూనే ఉండేది. మా వీధిలో ఏ ఇల్లాలూ మధ్యాహ్నం కునుకు తీసి లేచాక తడిగుడ్డ పట్టకుండా టీ పెట్టేది కాదు. ఒకరోజు నేను ఖుర్సీపార్‌లో పిన్ని ఇంటికి వెళ్లి వచ్చేసరికి, బల్ల మీద వదిలిన పాత పలక తళతళా మెరుస్తూ కిటికీలో ఆరుతోంది. దాని మీద నక్షత్రాలు పడ్డ మందు పూత తడికి మెత్తబడి గుడ్డతోపాటు లేచిపోయింది. నా మొహం చూసి అమ్మ బిత్తరపోయి, "నాకేటి తెలుసే, ప్లాంటు మసి అనుకోని తుడిసినాను" అంది.

ఎవరి మీద అరవను? కొత్త పలక పోతే మళ్లీ తీయవచ్చు, పాతికేళ్ల కిందటి ఆకాశాన్ని ఎక్కడినుంచి తేను? అప్పటికి కొలిచిన గుప్పెడు నక్షత్రాలతో ఏమీ తేలలేదు. గురువుగారు తిట్టలేదు, అదే మరీ కష్టమనిపించింది. వేరే అంశం ఇచ్చారు, దాని మీద పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆ అంశం ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ విసుగ్గానే చెబుతాను.

ఈ రోజుల్లో గాజు పలకలు లేవు, పాతికేళ్లు ఆగడమూ లేదు. యంత్రమే కొలిచి యంత్రమే చెప్పేస్తోంది. మంచిదే, కాదనను. కాని నేను ఆనాడు తప్పు జవాబైనా రాసి ఉంటే, ఈ కాలం పిల్లలెవరో నా పేరెత్తి, ఆవిడ పొరబడిందని దిద్దేవారు. ఆ మాట పడే అదృష్టం కూడా నాకు లేకపోయింది.