మా వీధి అమెరికా అయిన పొద్దు

నా చిన్నప్పుడు అమెరికా అంతా మా మావయ్య నోట్లోనే ఉండేది. మా బర్మాలో బోటాటౌంగు రేవున ఓడ పనికెక్కి వెళ్ళిన ఆయన, ఓడ మరమ్మతుకని అక్కడొక చిన్న ఊళ్ళో కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. మేం పెద్ద పెద్ద మేడల గురించి అడిగితే ఆయన చెప్పిందంతా నిశ్శబ్దం గురించే. ఇళ్ళ ముందు గోడలుండవట, పచ్చగడ్డే. కార్లో పోయేవాళ్ళు ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెయ్యెత్తుతారట. వీధిలో కేకన్నదే వినపడదట.

"మరి కూరలోళ్ళు అరవకపోతే ఎలాగ మావా?" అన్నాను.

"ఆళ్ళసలు రారే. మనమే కారేసుకుని కొట్టుకి పోవాల."

మాకు పూనకం వచ్చినంత పనైంది. ఒక్క పొద్దుటికైనా మా వీధిని ఆ ఊరు చేసెయ్యాలనుకున్నాం పిల్లలమంతా. మావయ్య నవ్వి, "సెయ్యండి, సూద్దాం" అన్నాడు.

మర్నాడు బడికి సెలవు. తెల్లారుతూనే వీధి మొదట్లో కాపు కాసి, అమ్మకానికి వచ్చిన ప్రతివాళ్ళనీ అరవొద్దని బతిమాలాం. మొహింగా అమ్మే బర్మా ఆవిడకి మా ఆట భలే నచ్చింది. సేమ్యా, చేప పులుసు ఉన్న కావడి భుజాన వేసుకుని పిల్లిలా నడిచింది. మేం అందరికీ చెయ్యెత్తుతూ, నవ్వాపుకోలేక చచ్చాం. నిజంగానే కాకుల గోల తప్ప ఏమీ లేదు. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

అప్పుడు మావయ్య తలెత్తి పైకి చూసి, "మామ్మ తాడేదే?" అన్నాడు.

మా దగ్గర మేడల మీదివాళ్ళు బుట్ట కట్టిన తాడు కిందికి వదిలి, కొన్నవి పైకి లాక్కుంటారు. మూడో అంతస్తు మామ్మ ఒంటరిది, చూపు ఆనదు. మొహింగా కేక వింటేనే తాడు వదిలేది. పాపం ఆకలితో ఉంటుందని గిన్నె పట్టుకుని పరుగున మెట్లెక్కాను.

మామ్మ కిటికీలోంచి వీధికేసి చెవి పెట్టి కూర్చుని ఉంది. ఆకలి మాటే ఎత్తలేదు. నా చేతులు తడిమి పట్టుకుని, "ఒలే, నువ్వున్నావేటి? వీధిలో ఒక్క గొంతూ నేదు. మీకందరికీ ఏటైపోనాదో అనుకున్నానే" అని ఏడ్చేసింది.

నాకూ ఏడుపొచ్చింది. కిటికీలోంచి వంగి, అందరినీ అరవమని అరిచాను. మొహింగా ఆవిడ రాగం తీసింది, కూరలవాళ్ళు అందుకున్నారు. మామ్మ ఒక్కో గొంతూ గుర్తుపడుతూ తలూపింది.

కిందికి వచ్చాక మావయ్య నెమ్మదిగా చెప్పాడు. "ఆ ఊళ్ళో నాకు జొరమొస్తే, కిటికీ తెర తియ్యలేదని పక్కింటి ముసలమ్మొచ్చి తలుపు కొట్టింది. ఆళ్ళు కళ్ళతో కనిపెట్టుకుంటారే. మనం సెవుల్తో."

ఇప్పుడు మామ్మ వయసు నాది. అమ్మేవాళ్ళ కేకలు కూడా రికార్డు చేసి మైకుల్లో పెడుతున్నారు. నేను మాత్రం పొద్దున్నే గొంతెత్తి వీధంతా పలకరిస్తాను. మనవలు సిగ్గుపడతారు, పడనీ. పైన ఎవరో ఒకరు నా గొంతు విని, "ఇదింకా ఉందిలే" అనుకుంటే నాకదే చాలు.