తిన్నగా పోయే సైకిలు

అరటిగెలలు మోసే సైకిలుకి అలుపు ముందు మెడలోనే తెలుస్తుందని చిట్టియ్య అనేవాడు. మనిషికీ అంతేననుకోండి, కానీ మనిషి మెడకి గ్రీజు పెట్టే షాపు ఏ ఊళ్ళోనూ లేదు.

లంకతోటల్లోంచి రావులపాలెం మార్కెట్టుకి ఏటిగట్టు మీద గెలలు తోలడం అతని పని. వెనక క్యారియరుకి రెండు పక్కలా కట్టినవి చాలవన్నట్టు హ్యాండిలుకి చెరోటీ వేలాడేవి. పెద్ద తుఫానుకి తోటలన్నీ నేలమట్టమైన ఏడాది తప్ప, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే బతుకు. తన రెక్కలాడినంత కాలం కూలికి పోనక్కర్లేదని పెళ్ళయిన కొత్తలోనే భార్య సువార్తమ్మకి మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నానన్న గర్వం ఒక్కటే అతను వెనకేసుకున్న ఆస్తి.

తుఫాను వెళ్ళిన మూడో ఏడు హ్యాండిలు మొరాయించడం మొదలెట్టింది. తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉండేది. గట్టు దిగి మార్కెట్టు వైపు తిప్పబోతే ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుని, బలం పెడితే టక్కున వదిలేసేది. గెలలు కొనే షావుకారు అప్పటికే ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకున్నాడు. మార్కెట్టులో గెలలెత్తుకునే లారీ కదిలేలోగా సరుకు చేర్చలేనివాళ్ళు ఇక రానక్కర్లేదని కబురు కూడా పెట్టాడు.

సైకిలు షాపు వీరబ్రహ్మం ఏటా వర్షాలయ్యాక చిట్టియ్య బండికి ఓవరాయిలింగు చేసేవాడు. హ్యాండిలు మెడలో మిరియపు గింజలంత బాల్స్ కొత్తవి వేసి, గ్రీజు దట్టించి పంపేవాడు. ఆ బాల్స్ దొర్లే కప్పుల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. అవి కంపెనీ నుంచి బండితో వచ్చినవి మరి. పాత ఇనుము పాత ఇనుమే, ఇప్పుడొచ్చేవన్నీ రేకుడబ్బాలని గట్టు పొడుగునా అందరికీ గట్టి నమ్మకం. వీరబ్రహ్మానికైతే అది వేదవాక్కు.

ఈసారి విప్పి, కిందికప్పు గుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూశాడు. చిట్టియ్య చేత కూడా వేలు పెట్టించాడు. అంత బరువుతో ఏళ్ళ తరబడి ఒకే తిన్నటి దారిన పోయి పోయి, ఒక్కో బాలు కూర్చున్నచోట ఒక్కో గుంట పడింది. కొత్తవి ఎన్ని వేసినా పోయి ఆ గుంటల్లోనే కూర్చుంటున్నాయి. ఈ కప్పులు ఎప్పుడో తీసెయ్యాల్సిందని గొణుక్కుంటూ వీరబ్రహ్మం కొత్తవి బిగించాడు.

మర్నాడు పొద్దున్న హ్యాండిలు వేలితో తోస్తే తిరిగింది. చిట్టియ్యకి ప్రాణం లేచొచ్చినట్టయింది. గెలలు కట్టుకుని గట్టెక్కి నాలుగు బారలు పోయాడో లేదో, హ్యాండిలు అటూ ఇటూ ఊగిపోసాగింది. బిగించి పట్టుకుందామంటే చేతులు వణికాయి. సైకిలుతో సహా గట్టువాలులోకి పడ్డాడు. గెలలు చితికాయి, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ రోజు లారీ అతని సరుకు లేకుండానే పోయింది.

తిన్నగా షాపుకెళ్ళి, కొత్త కప్పులు దరిద్రంగా ఉన్నాయి, పాతవే పెట్టమన్నాడు. వీరబ్రహ్మం ఆ సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు.

"బండిలో ఏం లేదు చిట్టియ్యా. ఇన్నాళ్ళూ ఆ గుంటలే దాన్ని తిన్నగా పట్టుకున్నాయి. నీ చేతుల్లో పట్టు ఎప్పుడో పోయింది, నీకు తెలీలేదంతే."

"అయితే అవే పెట్టెయ్యండి."

"పెడితే ఈసారి గట్టు కింద నిన్ను ఏరుకోవాలి," అన్నాడు వీరబ్రహ్మం.

చిట్టియ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కప్పులది తప్పు కాదు, వీరబ్రహ్మానిదీ కాదు. సువార్తమ్మ మోచేతికి పసుపు అద్దింది, ఏమైందని మాత్రం అడగలేదు.

మర్నాడు మళ్ళీ గెలలు కట్టాడు. సైకిలెక్కలేదు. హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వెనక కాస్త పట్టుకుంటావేంటే," అన్నాడు చివరికి, తల తిప్పకుండా. ఆ ఒక్క మాట అనడానికి అతనికి గెల ఎత్తినంత కష్టమైంది.

సువార్తమ్మ అప్పటికే కొంగు దోపుకుని గెలల మీద చెయ్యేసి నిలబడి ఉంది. "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నానయ్యా, పద," అంది.

ఇద్దరూ నడిపించుకుంటూ గట్టెక్కారు. మిగతా సైకిళ్ళన్నీ బెల్లు కొట్టుకుంటూ వాళ్ళని దాటిపోయాయి. చిట్టియ్య సిగ్గుతో మార్కెట్టు దాకా తలెత్తలేదు. లారీ మాత్రం ఇంకా కదల్లేదు.