మా ఆయన చెరిపేసిన బొమ్మ

మా ఆయన బొమ్మల గ్యాలరీల గోడలకి రంగులేస్తారు. ఊళ్లో ఉన్న పెద్ద సర్కారు గ్యాలరీకీ, రెండు మూడు ప్రైవేటు వాటికీ ఇరవై రెండేళ్లుగా ఆయనే. ఒక ప్రదర్శన దింపేశాక మేకు కన్నాల్లో పుట్టీ కూరి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తెల్లగా చేసి అప్పజెప్పాలి. కొత్తది మొదలయ్యే రోజు పొద్దున్నే వెళ్లి చేతి మరకలూ, పటాలు తగిలించేవాళ్లు వదిలేసిన పెన్సిలు గీతలూ కనపడకుండా ఇంకో పూత పుయ్యాలి.

ఆదివారాలు నన్నూ గ్యాలరీకి తీసుకెళ్తారు. సరదా అనుకునేరు! అందరూ బొమ్మ చూస్తుంటే ఈయన గోడకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూస్తూ "ఆ మూల రోలరు చార కనబడుతోందే" అని గొణుగుతారు. "ఇంత దూరం వచ్చింది సున్నం చూడ్డానికా?" అని నేను. ఇదీ మా షికారు.

ఆ రోజు పదకొండింటికి ఫోను. "ఏమే, కొంప మునిగిందే" అన్నారు. ఏ గ్యాలరీయో చెప్పి పెట్టేశారు. ఉన్నపళంగా పరిగెత్తాను.

అది ప్రైవేటు గ్యాలరీ. ఒక పెద్దావిడ మూడు రోజులు నిచ్చెనెక్కి తిన్నగా గోడ మీదే బొమ్మ గీసిందట. పాత మేకు కన్నాల జాడలు వెతికి, ఒకదాన్నించి ఇంకోదానికి సన్నటి పెన్సిలు గీతలు. ఈయన అవి తగిలించేవాళ్ల గుర్తులనుకున్నారు. పటాలింకా రావాలి కాబోలనుకుని శుభ్రంగా రెండు పూతలేసేశారు! సాయంత్రం ఆరింటికి జనం వస్తారు.

ఓనరు ఎగిరెగిరి పడుతున్నాడు. "రేపట్నించి ఏ గ్యాలరీ గుమ్మం తొక్కుతావో నేనూ చూస్తా!" నాకు ఒళ్లు మండింది గానీ తప్పు మాదైతే నోరెక్కడ లేస్తుంది? ఈ పని తప్ప ఇంకో పని రాదాయనకి.

అంతలో ఆ పెద్దావిడ వచ్చింది. గోడ ఈ చివర్నించి ఆ చివరిదాకా నడుస్తూ చూసింది. 

"తప్పు నాదే బాబూ," అంది ఓనరుతో. "గోడ మీద గీస్తూ, ఆ గోడ చూసుకునే మనిషికి చెప్పొద్దూ?" మా ఆయన వైపు తిరిగింది. "నాయనా, ఆ కన్నాలు నీకేమన్నా గుర్తున్నాయా?"

గుర్తేమిటి! ఈయన అరచెయ్యి గోడ మీద జరుపుతూ మొదలెట్టారు. "ఇక్కడ పెద్ద బోల్టమ్మా, గుర్రం పటానిది. ఇక్కడ పెచ్చు ఊడితే రెండుసార్లు పూడ్చా. ఇక్కడ మేకు వంకరపోయింది..." ఆవిడ కనిపెట్టినవి పంతొమ్మిదట. ఈయన చూపించినవి నూట పదకొండు! ఆయన వేలు పెట్టిన చోటల్లా ఆవిడ చుక్క పెట్టి గీత లాగింది. నేను కింద కూచుని పెన్సిళ్లు చెక్కాను. అయిదున్నరకల్లా గోడంతా నిండిపోయింది.

జనం వచ్చారు. రంగు మరకల చొక్కాతో మూల నక్కిన ఈయన్ని ఆవిడ అలాగే లాక్కొచ్చి ముందు నిలబెట్టింది. "ఈ కన్నాలన్నీ పూడ్చింది ఈయనే. ఇంత బాగా పూడ్చాడు కాబట్టే నాకు సగం కూడా దొరకలేదు," అంది. అందరూ చప్పట్లు. మా ఆయన చంటిపిల్లాడిలా ఏడ్చేశారు. ఓనరు దగ్గరికొచ్చి, "వచ్చే నెల కూడా నువ్వే రావాలోయ్" అన్నాడు.

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "తల్లీ, నీ కడుపు చల్లగుండ" అన్నాను. ఆవిడ ఒక్క మాట అనుంటే మా నోటికాడ కూడు పోయేది. అనలేదు సరికదా, ఆయన పని బాగుందని నలుగురిలో చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. పక్కనే ఉన్న నేను కూడా అనలేదు.