అట్టలు చూశావా?

ఎర్రోల్ పెండర్‌కి బైండు పుస్తకమంటే భయం. పాము కనబడితే పక్కకి తప్పుకుని వెళ్తారు గానీ, తోలు బైండు కనబడితే మాత్రం ముఖం పాలిపోతుంది. నలభై ఏళ్లుగా పాత పత్రికల చరిత్ర తవ్విన మనిషికి ఇదేం భయమని హోబర్ట్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులమంతా నవ్వుకునేవాళ్లం.

ఆయన బాధల్లా ఒకటే. వెనకటి లైబ్రరీలవాళ్లు పన్నెండు నెలల సంచికలూ కలిపి కుట్టించేటప్పుడు, దండగని అట్టలూ ప్రకటనలూ చింపి పారేసేవారు. అందుకని ఎవరు ఏ పత్రిక మాటెత్తినా ఆయన ప్రశ్న ఒక్కటే: అట్టలు చూశావా? నా స్నేహితురాలు పెళ్లి ఆల్బమ్ చేతికిస్తే, ఫొటోలు వదిలేసి, కుట్టు దగ్గర కాగితం తెగిందేమోనని భూతద్దం పెట్టి వెతికారు. పాటల పుస్తకంలో చివరి పేజీలు ఏమయ్యాయని చర్చిలో ఫాదర్‌ని నిలదీశారట. ఫాదర్ ఇప్పటికీ ఆయన ఎదురొస్తే దారి మారుస్తారు.

నా వంతు వచ్చేదాకా నేనూ నవ్వాను.

నా పరిశోధన 1890లలో మొదలైన 'డెర్వెంట్ ఇల్లాలు' అనే మాసపత్రిక మీద. అది నడిచిన పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా సంపాదకుల పేరు వేయలేదనీ, నడిపింది ఆడవాళ్లు కాబట్టే పేరు దాచుకున్నారనీ మూడో అధ్యాయం నిండా వాదించాను. సిద్ధాంత గ్రంథం ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఎర్రోల్ అధ్యాయం చదివి టీ కప్పు పక్కన పెట్టారు.

"నువ్వు చూసినవన్నీ బైండు సంపుటాలేనా, రోవీనా?"

"ఉన్నవి అవే కదా."

"మరి అట్టలు చూశావా?"

అంతే, నాకు తిండి సయించలేదు. పేరు అట్ట మీద ఉండి ఉంటే మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పరీక్షకుల్లో ఎవరో ఒకరు ఆ అట్ట పట్టుకొస్తే నా గతేమిటి? అనుమానం అంటించి ఆయన మాయమయ్యారు. రోజుకొక మెసేజ్ మాత్రం వచ్చేది: ఇంకా దొరకలేదు, కంగారు పడకు. అది చూసినప్పుడల్లా కంగారు రెట్టింపయ్యేది.

పాత కాగితాలేమైనా మిగిలాయేమోనని హ్యూవన్ లోయలోని ఆపిల్ తోటల కొట్టాలన్నీ గాలించి, ఏడో రోజున దుమ్ముకొట్టుకుపోయి వచ్చారు. ఒక కాగితాన్ని నా బల్ల మీద జాగ్రత్తగా పరిచారు. ఎవరో ముసలమ్మ ఇంట్లో ఆపిల్ పెట్టె అడుగున వేసిన అట్ట అది. పైన పత్రిక పేరు, కింద స్పష్టంగా అచ్చులో, 'సంపాదకురాలు: ఆగ్నెస్ వికరీ'.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మునిగిపోయాను, ఎర్రోల్," అన్నాను.

"నీకంటే ముందు నేను మునిగాను, అమ్మాయ్. ఆ పత్రికకి సంపాదకుల పేరు లేదని మొదట రాసిందెవరు?"

ఆయనే. ముప్పై ఏళ్ల కిందటి ఆయన పుస్తకాన్ని నమ్మే నేను అధ్యాయం కట్టాను. ఆ అట్ట సంగతి తనే ప్రకటించి ఉంటే, తన తప్పు తనే దిద్దుకున్న పెద్దమనిషి అన్న పేరైనా దక్కేది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, దొరికింది నీకే అనుకో, నువ్వే బయటపెట్టు అన్నారు. ఇన్నాళ్లూ చాదస్తమని నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

రెండు రోజులు పక్కన కూర్చుని అధ్యాయమంతా తిరగరాయించారు. మొదటి వాక్యం నేను భయపడుతూ రాశాను: "ఈ విషయంలో పెండర్ కొంత పొరబడినట్టు కనిపిస్తోంది."

ఆయన కళ్లజోడు సవరించుకుని, పెన్ను తీసి, 'కొంత' కొట్టేశారు. మళ్లీ ఒకసారి చదువుకుని, 'పొరబడినట్టు కనిపిస్తోంది' కూడా కొట్టేసి 'పొరబడ్డాడు' అని రాసి, ఇక టీ పెట్టమన్నారు.